కింద గాలి తిరిగింది

"ఇయ్యాల గూడ ఎగిరేది లేదు నాగరాణి గారూ. గాలి మంచిగ లేదు," అన్నాడు పరమేష్.

నాగరాణి హెల్మెట్ పట్టీ విప్పలేదు. "మీకు రోజూ గాలి మంచిగుండదు సార్. బ్యాచ్‌ల అందరు ఈ గుట్ట మీదికెల్లి ఎగిరిండ్రు. నన్నొక్కదాన్నే ఆపుతున్నరు. నా మీద ఏమన్న పగనా?"

పగ కాదు. అదేమిటో చెప్పే ధైర్యం పరమేష్‌కు లేదు. మహబూబ్‌నగర్ దగ్గరి ఈ గుట్ట మీద ఎంతోమందికి పారాగ్లైడింగ్ నేర్పినవాడు, కట్టంగూర్ నుంచి వచ్చిన ఈ పీఈటీ టీచర్ పట్టీలు బిగించుకోగానే వాతావరణశాఖ అయిపోతాడు. ఆకు కదిలినా వద్దంటాడు.

"గాలి ఎదురుంగ రావాలె. మెత్తగ, ఒక్కతీరుగ రావాలె. ఆగి ఆగి కొట్టే గాలిల కొత్తోళ్ళు ఎగరొద్దు."

"ఇప్పుడు ఒక్కతీరుగనే ఉంది. మొఖానికి తగులుతాంది. జర మీరే చూడుండ్రి."

కాసేపు నిలబడి చూశాడు. నిజమే, గాలి బుద్ధిగానే వీస్తోంది. కింద దిగే మైదానంలో కొయ్యకు కట్టిన ఎర్రగుడ్డ గొట్టం కోసం చూశాడు. గాలి ఎటు పోతే ఆ గొట్టం అటు లేచి చూపిస్తుంది. ఇప్పుడు నిలువుగా కిందికి వేలాడుతోంది. అంటే కింద గాలే లేదు. ఇక వద్దనడానికి సాకు దొరకలేదు.

"సరే, పోండ్రి. రేడియోల నేను చెప్పిందే చెయ్యాలె."

ఆమె పరుగెత్తింది. వెనక పరిచిన పారాగ్లైడర్ రెక్క గాలితో నిండి లేచింది, కాళ్ళు గుట్టను వదిలాయి. పరమేష్ ప్రాణం కూడా ఆమె వెంటే వెళ్ళింది.

"మంచిగున్నది సార్," రేడియోలో నవ్వింది. "గీ దానికేనా గింత సతాయించిండ్రు?"

"ముచ్చట తర్వాత. ముందుకు చూడుండ్రి."

అప్పుడు కనిపించింది దుమ్ము. మైదానం పక్క బాట మీద ట్రాక్టరు లేపిన దుమ్ము గుట్టకు దూరంగా, అవతలి వైపుకు జోరుగా కొట్టుకుపోతోంది. ఎండెక్కి కింద గాలి తిరిగింది. ఆమెకు వెనక నుంచి తోసే గాలి అది. మరి గుడ్డ ఎందుకు లేవలేదో ఆలోచించే సమయం కాదు. ఇలాగే దిగితే ఆ వేగానికి మొహం నేలకు కొట్టుకుంటుంది. ఎత్తున్నప్పుడే తిరగాలి. నేలకు దగ్గరయ్యాక తిరగబోతే ఇంకా ప్రమాదం.

"రాణీ, ఇను." అతను రేడియోను నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "కింద గాలి తిరిగింది. ఇప్పుడే నువ్వు గుట్ట దిక్కు తిరగాలె. కుడి చెయ్యి మెల్లగ కిందికి గుంజు. ఒక్కసారే గుంజకు."

"గుడ్డ కదుల్తనే లేదు గదా?"

"గుడ్డను నమ్మకు. నన్ను నమ్ము."

రెక్క మెల్లగా వంగింది, తిరిగింది. ఆమె ఇప్పుడు గాలికి ఎదురుగా, గుట్ట వైపు వస్తోంది.

"చాలు. చేతులు పైకి. గట్లనే రా. భయపడకు, నేనున్న."

ఉన్నాడు గానీ గుట్ట మీద ఉన్నాడు. చెయ్యందించలేని దూరం అది. అతనికి ఏడుపొచ్చింది.

"ఇప్పుడు రెండు చేతులు గుంజు."

ఆమె కాళ్ళు నేలకు తగిలాయి. మోకాళ్ళ మీద పడింది. రెక్క ఆమెను కాస్త వెనక్కి ఈడ్చి కూలిపోయింది. పరమేష్ అప్పటికే పడుతూ లేస్తూ రాళ్ళ మీదుగా కిందికి ఉరుకుతున్నాడు.

అతను చేరేసరికి ఆమె లేచి దుమ్ము దులుపుకుంటోంది. ఆమె తల్లి గుర్వమ్మ కూతురి చెంపలు నిమురుతోంది. పొద్దున బస్సు దిగి నేరుగా మైదానానికే వచ్చిందట. పరమేష్ కొయ్య దగ్గరికి వెళ్ళి చూశాడు. ఎర్రగుడ్డ కొసకు, పసుపుబట్టలో చుట్టిన కొబ్బరికాయ వేలాడుతోంది. ఆ బరువుకు గుడ్డ ఎక్కడ లేస్తుంది?

"నేనే కట్టిన బిడ్డా," అంది గుర్వమ్మ. "గొర్ల మందను కొత్త దిక్కు తోలేటప్పుడు మేము ముడుపు గడ్తం, మంచిగ మళ్ళి రావాలని. ఎర్రగుడ్డ జూసి ఈడ గూడ గందుకే పెట్టిండ్రనుకున్న."

ఆమె మీద అతనికి కోపం రాలేదు. తన మీదే వచ్చింది. "తప్పు నాదమ్మా. పంపే ముందు కిందికొచ్చి చూస్కోవాల్సింది నేను."

తరువాత నాగరాణి వైపు తిరిగాడు. "రేపటిసంది నీకు నేను నేర్ప. వేరే సార్‌కు చెప్త."

ఆమె మొహం వాడిపోయింది. "మంచిగనే దిగిన గదా. నేనేం తప్పు జేసిన?"

"నీ తప్పు లేదు. నువ్వు పైకి పోతే నా చేతులు వణుకుతున్నయి. గంత భయపడేటోడు నేర్పొద్దు."

"మిగతావాళ్ళు ఎగిరినప్పుడు గిట్లనే భయమైందా?"

"కాలే."

ఆమె తల దించుకుంది. నవ్వు మాత్రం దాగలేదు. "ఎగురుడు బంద్ చెయ్య. ముందే చెప్తున్న."

"చెయ్యొద్దు. నీకిష్టమైతే, నువ్వు ఎగిరిన ప్రతిసారి దిగేదాక కింద నిలబడ్త. నా బతుకంత."

ఇష్టమేనని ఆమె చెప్పలేదు. తల్లి వైపు చూసింది. గుర్వమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"పిల్ల పైకి పోతే నాకు గూడ పాణం నిలువదు," అంది గుర్వమ్మ చివరికి. "నేనొక్కదాన్నే చూస్కుంట నిలబడలేను. పక్కన నువ్వుంటే జర ధైర్నం. ముందైతే మీ అమ్మను, బాపును ఓపాలి కట్టంగూరుకు తోల్కరా."