చెయ్యి మారిన గిటార్

ఆదివారం ఉదయం భార్య ఇడ్లీలు వడ్డిస్తుండగా సాయిప్రకాష్ తల ఎత్తకుండానే ఆ మాట అన్నాడు. "కమలా, హాల్లో ఉన్న ఆ గిటార్ ఎవరికైనా ఇచ్చెయ్. ఇక ఇంట్లో ఉండక్కర్లేదు."

కమలాకుమారి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఏమంటున్నాడీయన! పెళ్లయి జనక్‌పురిలోని ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ ఆ గిటార్ లేని హాలును ఆమె ఎరగదు. నోయిడా ఆఫీసు నుంచి ఎంత అలసిపోయి వచ్చినా, కాళ్లు కడుక్కుని, టీ తాగి, దాన్ని ఒళ్లోకి తీసుకుంటే గాని ఆయన మామూలు మనిషి అయ్యేవాడు కాడు. అలాంటివాడు ఈ రోజు... ఎందుకండీ అని అడగబోయింది. పళ్లెం పక్కన కదలకుండా పడి ఉన్న ఆయన ఎడమచేతిని చూసి ఆ మాట మింగేసింది.

వానాకాలంలో ఒక సాయంత్రం ఆయన వస్తున్న క్యాబ్ డివైడర్‌ను గుద్దుకుంది. ప్రాణం దక్కింది. కాని ఆ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు ఇక ముడవవని డాక్టర్లు తేల్చేశారు. చెంచా పట్టుకోవచ్చు, ఆఫీసు పనీ చేసుకోవచ్చు. తీగలు నొక్కి స్వరాలు పలికించడం మాత్రం ఆ చేతివల్ల కాదు. చూడవచ్చిన వాళ్లందరూ, అంతటితో పోయింది, అదృష్టవంతులు అన్నారు. ఆయన అందరికీ నవ్వుతూ తల ఊపాడు. వాళ్లంతా వెళ్లిపోయాక నవ్వడం మానేశాడు...

ఆ మధ్యాహ్నం కమల వంటింట్లో నిలబడి ఏడుస్తుంటే కూతురు ఇషిత వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం హిందీలోనే వస్తుంది. తండ్రిని పాపా అంటుంది. "మమ్మీ, యే దేఖో. పాపాకి ఇవంటే పిచ్చి" అంటూ ఫోన్ చూపించింది.

కమల కళ్లు తుడుచుకుని చూసింది. అవి గిటార్‌లే, కాని తమ ఇంట్లో ఉన్నటువంటివి కావు. ముందు పలక చదునుగా లేదు. వయొలిన్‌కు ఉన్నట్టు మధ్యలో మెల్లగా ఉబ్బి, అంచుల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఒదిగిపోయింది. గుండ్రటి రంధ్రానికి బదులు ఇరువైపులా వంపులు తిరిగిన రెండు చీలికలు, కాటుక దిద్దిన కళ్లలా ఉన్నాయి. నడుమ పాకం ముదురుతున్నప్పుడు బెల్లానికి వచ్చే రంగు, అంచుల్లో నల్లటి నీడ... ఇంత అందం కూడా ఉంటుందా ఒక వాద్యానికి! వీటిని ఆర్చ్‌టాప్ అంటారనీ, పలకను వంచి కాదు, మందపాటి చెక్కను తొలిచి తొలిచి ఆ వంపు తీస్తారనీ ఇషిత చెప్పింది. నోయిడాలో అరుంధతి అనే ఆవిడ ఒక్కతే కూర్చుని ఒక్కొక్కటిగా చేస్తుందట. మెట్రోలో పక్కన కూర్చున్నప్పుడల్లా నాన్న ఆవిడ పనే చూపించేవాడట. ఎప్పటికైనా నాకూ ఒకటి అని ఒకసారి అనేసి, వెంటనే నవ్వి మాట మార్చాడట.

ఇన్నేళ్ల కాపురంలో ఈ కోరిక తన చెవిన పడలేదు! తనకు సంగీతం రాదు. అందుకే చెప్పలేదేమో అనుకుంది కమల. తను చదువు చెప్పే స్కూల్లో ఎడమచేత్తో రాసే పిల్లలు గుర్తొచ్చారు. "ఇషితా, ఎడమచేతి వాటం వాళ్లు గిటార్ ఎలా వాయిస్తారే?" అని అడిగింది. అడుగుతుండగానే ఆమెకు జవాబు తట్టింది.

మరుసటి శనివారం తల్లీకూతుళ్లు నోయిడా వెళ్లారు. అరుంధతి వరంగల్ నుంచి ఆర్కిటెక్చర్ చదవడానికి వచ్చి, ఇళ్ల ప్లాన్లు వదిలి గిటార్ల దగ్గర స్థిరపడిపోయిన మనిషి. గదినిండా చెక్క వాసన. కమల విషయమంతా చెప్పి, కుడిచేత్తో తీగలు నొక్కి ఎడమచేత్తో మీటేలా ఒకటి చెయ్యగలరా అని అడిగింది. ఆయన ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ ఏమీ కాలేదు, మీటే బిళ్ల పట్టుకోగలడు.

"చేస్త అక్కా. తీగలు తిప్పి కడితే సరిపోదు, లోపల అంటించే కర్రలు కూడా అటుదిటు మారాలె" అంది అరుంధతి. "సరే గానీ, సారుకు ఎసుంటి సౌండ్ ఇష్టం?"

కమల తడబడింది. సంగీతం మాటలు ఆమెకు తెలియవు. తనకు తోచినట్టే చెప్పుకుంటూ పోయింది. "ఆయన గట్టిగా వాయించరమ్మా. లావు తీగ మీటినప్పుడు పెద్దాయన గొంతు సవరించుకున్నట్టుండాలి. సన్న తీగ గీపెట్టకూడదు, ఆయనకు గిట్టదు. ఒక స్వరం ఆరిపోకముందే ఇంకోటి అందుకుంటారు, ఆ రెండూ కలిసిన చోట కాసేపు ఆగుతారు... ఆ ఆగడం పాడవకూడదు."

అరుంధతి రంపం పక్కనపెట్టి ఆ మాటలన్నీ కాగితం మీద రాసుకుంది. కమల తన జీతంలోంచి బయానా ఇచ్చి, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని కూతురితో ఒట్టు వేయించుకుంది.

శీతాకాలం వచ్చింది. గిటార్ మెడ చెక్కాలంటే వాయించే మనిషి చెయ్యి చూడాల్సిందేనని అరుంధతి ఫోన్ చేసింది. ఇక దాచడం కుదరదు. కమల భయపడుతూనే భర్తకు చెప్పింది.

ఆయన కేకలు వెయ్యలేదు. వేసినా బాగుండేది. "చెయ్యి పోయిందని నాకు తెలుసు కమలా. రోజూ చూసి ఏడవడానికి కొత్తది ఒకటి కొన్నావా?" అన్నాడు. చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నదంతా ఎడమచేతిలోనే ఉండిపోయింది, ఈ వయసులో కుడిచెయ్యి పసిపిల్లాడితో సమానం అన్నాడు. ఎవరి కోసం ఈ జాలి అన్నాడు. కమల తలుపు పట్టుకుని నిలబడి కన్నీళ్లు కారుస్తూ అన్నీ విన్నది.

చివరికి ఇషిత వచ్చి తండ్రి ముందు కూర్చుంది. "పాపా, ఏక్ బార్ చలో నా. నచ్చకపోతే వద్దని చెప్పేద్దాం" అంది. పిల్ల అంతలా తెలుగులో మాట్లాడటం అరుదు. ఆయన కాదనలేకపోయాడు.

అరుంధతి దగ్గర పలక సిద్ధంగా ఉంది. ఇంకా రంగు వెయ్యలేదు, పాలమీగడలా తెల్లగా ఉంది. సాయిప్రకాష్ ముందు దూరంగానే నిలబడ్డాడు. తర్వాత తెలియకుండానే దగ్గరికి వెళ్లాడు. చెక్కలోని గీతలు వెంట్రుకల్లా సన్నగా, ఒకదాని పక్కన ఒకటి దువ్వినట్టున్నాయి. వంపు ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో వేలికి దొరకడంలేదు. ఉలి తాకిన జాడే లేదు! అరుంధతి పలక అంచును రెండు వేళ్లతో పట్టుకుని, వేలి కణుపుతో మెల్లగా తట్టింది. బరువైన, తియ్యటి మోత ఒకటి లేచి గదంతా నిండి, నెమ్మదిగా ఆరింది. ఆయన అరుంధతి వైపు తిరిగాడు.

"నాకెలా కావాలో... సరిగ్గా అలాగే ఉంది. మీకెవరు చెప్పారు?"

"అక్క చెప్పింది" అని, ఆ రోజు కమల అన్న మాటలన్నీ ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పింది అరుంధతి. పెద్దాయన గొంతు సవరించుకోవడం, గీపెట్టని సన్న తీగ, రెండు స్వరాలు కలిసిన చోట ఆగడం... "నా దగ్గరికి పెద్ద పెద్ద వాయించేటోళ్లు వస్తరు సార్. ఏం కావాలో ఇంత మంచిగ ఎవ్వరూ చెప్పలే."

సాయిప్రకాష్ భార్యవైపు తిరిగాడు. హాల్లో తను వాయిస్తుంటే ఆమె పప్పు పోపు పెట్టుకుంటూనో, స్కూలు పిల్లల నోట్‌బుక్కులు దిద్దుకుంటూనో ఉండేది. ఒక్కరోజూ బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఈమెకు ఇవేం పడతాయిలే అని తను ఏనాడూ పిలిచి కూర్చోబెట్టుకోలేదు. ఇల్లంతా నిండిన తన సంగీతాన్ని తనకంటే శ్రద్ధగా దాచుకున్న మనిషి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేలచూపులు చూస్తోంది!

"ఇన్నేళ్లూ వింటూనే ఉన్నావా కమలా?"

ఆమె తల ఊపింది. ఆయన కళ్లు నిండిపోయాయి. అరుంధతి కొలత టేపు తీసుకుని ఎదురుచూస్తోంది. ఆయన తడి కళ్లతోనే కుడిచెయ్యి ఆమె ముందు చాపాడు.

హోలీ వెళ్లాక గిటార్ తయారైంది. ముగ్గురూ నోయిడా వెళ్లారు. అంచుల్లో నల్లటి నీడ, నడుమ బెల్లం రంగు, ఎండ పడితే లోపల దీపం పెట్టినట్టు మెరుపు. సాయిప్రకాష్ దాన్ని ఒళ్లోకి తీసుకుని, అలవాటులేని వేళ్లతో తీగ నొక్కాడు. బరబరమంది. మళ్లీ నొక్కాడు, వేలు జారింది. ఇంకోసారి, పెదవి కొరుక్కుంటూ, వేలు కదలకుండా ఆపి మీటాడు. ఒకే ఒక్క స్వరం నిండుగా, వెచ్చగా పలికింది. అరుంధతి కూడా పని ఆపి అది ఆరిపోయేదాకా కదల్లేదు.

"మొదటినుంచీ నేర్చుకోవాలి కమలా. చాలా రోజులు అన్నీ తప్పులే పలుకుతాయి. విసుగొస్తుంది నీకు" అన్నాడాయన.

కమల ముందుకు వచ్చి, పక్కనున్న స్టూలు లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"వాయించండి" అంది. "వింటాను."