బేబ్ రూత్ పోలిక ఉన్న న్యాయమూర్తి

కర్నూలు అప్పీళ్ళ భవనంలో ఓబులేసు రెండు పోలికచీటీలు చేత పట్టుకుని అరగంటగా నిలబడి ఉన్నాడు. ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ని చంపిందన్న నేరానికి అతని చెల్లెలు లింగమ్మకు ఉరిశిక్ష పడింది. ఆమె అప్పీలు ఎవరు వినాలో మధ్యాహ్నంలోగా అతనే తేల్చాలి.

గతించిన న్యాయమూర్తుల తీర్పులన్నిటినీ జీర్ణించుకుని, వారిలాగే ఆలోచించే తీర్పుమేధలనే యంత్రాలే ఇప్పుడు అప్పీళ్ళు వింటున్నాయి. ఎవరి మేధ కావాలో ఖైదీ ఇంటివారు ఎంచుకోవచ్చు. పాత న్యాయమూర్తుల పేర్లు జనానికి తెలియవు. బేస్‌బాల్ మాత్రం ప్రతి బడిలోనూ ఆడిస్తారు. అందుకని ఒక్కొక్కరినీ ఆ ఆట చరిత్రలోని ఒక్కో ఆటగాడితో పోల్చి చీటీలు వేశారు. అవి రాసేది ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న గుమస్తా హైమవతి.

జస్టిస్ సోమయాజి బేబ్ రూత్ వంటివారు. రూత్‌వి బంతిని మైదానం దాటించిన ఏడువందల పద్నాలుగు హోంరన్లు, ఈయనవి దేశమంతా చెప్పుకున్న విడుదలలు. జస్టిస్ వేదాచలం జో సూవెల్ వంటివారు. భారీ దెబ్బలు లేవు, బంతి తగలక ఔటయ్యే స్ట్రైకౌట్లూ అరుదే.

"మీరైతే ఎవర్ని తీసుకుంటారు మేడమ్?" అని ఓబులేసు అడిగాడు.

సలహా చెబితే ఆమె ఉద్యోగం పోతుంది. రూత్ పదమూడు వందల ముప్పై సార్లు స్ట్రైకౌట్ అయ్యాడనీ, పత్రికలకెక్కని కేసుల్లో సోమయాజి ఉరిశిక్షలనే ఖాయం చేస్తూ వచ్చారనీ ఆమెకు తెలుసు. చీటీలో చోటు చాలక ఆ సంగతి వదిలేసింది.

"చీటీలో ఉన్నది చదువుకోండి," అంది.

ఓబులేసు బేబ్ రూత్ చీటీ ఇచ్చాడు. తీర్పుమేధ తొమ్మిది నిమిషాల్లో శిక్షను ఖాయం చేసింది.

మూడోనాడు అతను మళ్ళీ వచ్చాడు. గొడవ చేస్తాడేమోనని గార్డు అతని పక్కకు జరిగాడు గాని, అతను మెల్లగానే మాట్లాడాడు. స్ట్రైకౌట్ అయినాక రూత్ ఏం చేసేవాడని అడిగాడు. వెళ్ళి కూర్చునేవాడనీ, వంతు వచ్చినప్పుడు మళ్ళీ ఆడేవాడనీ హైమవతి చెప్పింది.

"మా చెల్లెలికి ఇంగ వంతు లేదు గదా," అన్నాడు. "ముందరైతే జడ్జిని తిట్టుకుంటా ఉంటిమి మేడమ్. ఇప్పుడు చీటీ నేనే తీసిస్తి. చెల్లెలేమో, 'నువ్వు బాగానే ఎంచినావులే అన్నా' అంటాది."

హైమవతి తల ఎత్తలేకపోయింది. "నాకు తెలిసీ చెప్పలేదు, ఓబులేసుగారూ."

"చెప్పింటే బాగుండు," అని మాత్రం అన్నాడు.

స్ట్రైకౌట్లు కూడా చీటీల్లో వేయాలని ఆమె ఆ సాయంత్రమే పైఅధికారులకు రాసింది. ఎంపిక పూర్తిగా ఇంటివారిదేనని రెండు వాక్యాల్లో జవాబు వచ్చింది.

శుక్రవారం లింగమ్మను ఉరితీశారు. తల్లి కొడుకును ఒక్క మాట అనలేదు. బతికినన్నాళ్ళూ అతను పెట్టిన ముద్ద మాత్రం ముట్టలేదు.