కరిమబ్బు ఒంటి మీద నలభై తాయెత్తులు

శరభపురికి కొత్త రాజు వచ్చి నెల తిరిగింది. మంత్రులే ఇంకా రాలేదు. ఎనిమిది మంత్రి పీఠాలు ఖాళీగా ఉన్నాయి. వాటి మీద ఎవరు కూర్చుంటారన్న ఊహ తప్ప నగరంలో మరో మాట లేదు. సగం గడ్డం గీయించుకున్న మనిషి మంగలి ముందు నుంచి లేచి, "కోశాగారం భూపాలశెట్టిదే, రాసుకోండి!" అని అరిచేవాడు. రేవులో బట్టలుతికేవాళ్ళు, "సేనాపతి పీఠానికి ఇద్దరి పేర్లు వినిపిస్తున్నాయట" అని గుసగుసలాడేవారు. పొద్దున గట్టిగా వినిపించిన పేరు మధ్యాహ్నానికి మాయమయ్యేది.

శరభపురిలో మంత్రులను రాజు ఎంచుకోడు, పట్టపుటేనుగు ఎంచుతుంది. కొత్త రాజు మణిధరుడి తాతగారి కాలం నాటి ఆచారమది. ఏనుగు తొండానికి పూలదండ అందిస్తారు. అది ఎవరి మెడలో వేస్తే వారే మంత్రి.

ఆ ఏనుగు పేరు కరిమబ్బు. దాని మావటి అప్పన్న. అప్పన్న కూతురు పైడికి పదహారేళ్ళు. నడక నేర్చింది ఏనుగు కాలు పట్టుకునే.

తీరా దండ వేసే రోజు తెల్లవారేసరికి కరిమబ్బు నల్లరాయిగా మారిపోయి ఉంది. ఎత్తిన తొండం ఎత్తినట్టే ఉంది. రాజు మండిపడ్డాడు.

"మావటిని గొలుసులతో బంధించండి! పది రోజుల్లో ఏనుగు కదలకపోతే వాడి తల తీయండి!"

పైడి ఏడుస్తూ కూర్చోలేదు. రాతి ఏనుగు మీదికెక్కి అంగుళం అంగుళం వెదికింది. చెవుల వెనక, గంట కింద, తోక మొదట్లో నల్లదారంతో కట్టిన రాగి తాయెత్తులు కనిపించాయి. మొత్తం నలభై. ఒక్కోదాని మీద ఒక్కో పెద్దమనిషి పేరు. దండ తన మెడలోనే పడాలని ఒకరికి తెలియకుండా ఒకరు కట్టించిన వశీకరణాలవి. నలభై మంది నలభై దిక్కులకు లాగితే పాపం, కరిమబ్బు ఎటు కదలగలదు? ఎటూ కదల్లేకే రాయి అయిపోయింది. పైడి దారం కోయబోతే కొడవలి పళ్ళు ఊడాయి.

ఆ మాట చెర కిటికీ దగ్గర చెబితే అప్పన్న ముఖం పాలిపోయింది. "ఆ దారం కాటుక కొండ మీద జటిలుడనే రాక్షసుడు పేనినదే, తల్లీ. నువ్వెళ్ళకు. ఆడి దగ్గరికెళ్ళినోళ్ళు తిరిగిరారు."

"నలభై మంది ఎళ్ళి, తాయెత్తులు తెచ్చుకుని, తిన్నగా ఇంటికొచ్చి పడుకున్నారు కదయ్యా! నేనెందుకు రాను?" అని పైడి బయల్దేరింది.

మూడో రోజున అడవి మొదట్లో ఒక ముని కనిపించాడు. జపమాల చేతిలో ఉంది గాని చూపులు రాజధాని బాట మీద ఉన్నాయి.

"ఏమ్మాయ్, నగరం నుంచేనా? రాజగురువు పీఠానికి ఎవరి పేరు వినిపిస్తోంది?"

"చాలామందివి, స్వామీ."

"అందులో నాది..."

"వినలేదు."

ముని నిట్టూర్చాడు. "ఒకప్పుడు నేను చెయ్యెత్తితే వాన కురిసేది. ఆ పీఠం నాకే కావాలని ఒకనాడు జపం చేశాను. అంతే! మంత్రం పరులకోసమే పనిచేస్తుంది. తనకోసం వాడుకున్నవాడి విద్య ఆ క్షణానే పోతుంది. సరే, ఏనుగు రాయైన కబురు విన్నాను, నువ్వు వెళ్ళేది జటిలుడి దగ్గరికే కదా. కాటుక కొండకు దగ్గరదారి చెబుతాను. ఏనుగు లేచాక నా సంగతి చూస్తావా?"

"చూడను."

"పోనీ, ఒక మాట వేసి..."

"వెయ్యను స్వామీ. దూరం దారినే పోతాను."

దూరం దారి నిండా తుమ్మముళ్ళు. ఆరు రోజులు నడిచేసరికి పైడి పాదాలు పుండ్లయ్యాయి. ఆ దారి చివర అడుగు కనబడని లోయ. లోయ అంచున ఇంటంత గండభేరుండం. రెండు తలలూ కీచులాడుకుంటున్నాయి.

"సేనాపతిని నేను. ముక్కు చూడు నాది!" అంది ఎడమ తల.

"ముక్కుంటే చాలా? బుర్ర ఉండొద్దూ? మహామంత్రిని నేను!" అంది కుడి తల.

పైడిని చూడగానే రెండూ వంగాయి. "మావటి పిల్లవు కదూ! ఏనుగు వాసన వస్తోంది. దండ మాలో ఎవరికి? చెబితే లోయ దాటిస్తాం. లేకపోతే మింగేస్తాం" అంది కుడి తల.

"ఇద్దరికీ లేదు. ఏ తల తిన్నా ఒకే కడుపులో పడుతుంది. మళ్ళీ రెండు పీఠాలు కూడానా?"

రెండు ముక్కులూ ఒకేసారి దూసుకొచ్చాయి. పైడి కిందికి జారి, కాలు పట్టుకుని పైకి పాకి, రెండు మెడలు చీలే చోట ఎక్కి కూర్చుంది. కరిమబ్బు చెవుల వెనక నొక్కినట్టే రెండు మడమలతో గట్టిగా నొక్కింది. ఎడమ మడమ నొక్కితే పక్షి ఎడమకు తిరిగింది. రెండూ నొక్కితే రివ్వున లేచింది.

"దించు! దిగు! ఇదేం పిల్ల!" అని కేకపెట్టింది ఎడమ తల.

"అంతా నీ నోటి వల్లే!" అని ఏడ్చింది కుడి తల.

కాటుక కొండ శిఖరాన జటిలుడు కూర్చుని ఉన్నాడు. తన జడల్లోంచి వెంట్రుకలు పీకి దారం పేనుతున్నాడు.

"రా పిల్లా. ఎవరి పేరు మీద కట్టమంటావు?"

"కట్టడానికి రాలేదు. కట్టిన నలభై ముడులూ విప్పు. కరిమబ్బు కదలకపోతే మా అయ్య తల తీస్తారు."

జటిలుడు కొండ అదిరేలా నవ్వాడు. "విప్పుతాను. ఏనుగు చేత నా మెడలో దండ వేయిస్తానని మాటివ్వు. ఇంతకాలం వాళ్ళనీ వీళ్ళనీ ఎక్కించాను. ఇక నేనెక్కుతాను."

"మాటివ్వను."

"అయితే నీ తండ్రి తల తెగుతుంది."

ఒక్క మాట చాలు, అయ్య బతుకుతాడు. కానీ వీడు పీఠమెక్కితే శరభపురిలో ముడిలేని మెడ మిగలదు. పైడి కన్నీళ్ళు మింగి, తలెత్తింది.

"మాటివ్వనన్నానా! అయినా నన్ను బతిమాలుకోవడం ఎందుకు? నలభై మందికి కట్టావు. నీకొకటి కట్టుకోవడం చేతకాదా?"

"నాకు చేతకాదా!"

"ఏమో! నగరంలో ఇన్ని పేర్లు వినిపిస్తున్నాయి. నీ పేరు మాత్రం ఒక్క నోటా వినలేదు."

ఆ మాట వాడికి ఈటెలా దిగింది. "ఒక్కరూ అనలేదా? నన్ను? చూడు!" అని పిడికెడు జడ పీకి, దారం పేని, రాగిరేకు మీద తన పేరే గీసి తన మెడకే కట్టుకున్నాడు. ముడి బిగిసిన క్షణాన జడలన్నీ బూడిదై రాలాయి. జటిలుడు ముడుచుకుపోయి, దారపు కండె అంత ముసలివాడై మిగిలాడు. విద్యతో పాటు వాడు వేసిన ముడుల బలమూ పోయింది.

అప్పటికి పదో రోజు తెల్లవారింది. పైడి పరుగున వచ్చి పక్షి మీదికి దూకింది. "మళ్ళీ మేమేనా?" అని రెండు తలలూ తొలిసారి ఏకకంఠంతో అన్నాయి.

కోట ముందు మైదానంలో కరిమబ్బు ప్రాణంతో నిలబడి చెవులు ఆడిస్తోంది. దాని కాళ్ళ దగ్గర నలభై రాగి తాయెత్తులు రాలి ఉన్నాయి. నలభై మంది పెద్దమనుషులు మెడలు చాచి వరుసలో ఉన్నారు. అప్పన్న మాత్రం ఇంకా గొలుసుల్లోనే ఉన్నాడు.

"దండ వేయించాక విడిపిస్తాం" అన్నాడు రాజు.

పైడి పురోహితుడి పళ్ళెంలోంచి దండ లాక్కుని ఏనుగుకు అడ్డంగా నిలబడింది.

"కరిమబ్బు ఎవరికీ దండ వేయదు!"

"ఆచారాన్ని ధిక్కరిస్తావా? తల తెగుతుంది!" అన్నాడు రాజు.

"తెగితే తెగనీండి. ఒక్కటడుగుతాను, మహారాజా. మంత్రి తప్పుచేస్తే ఎవర్నడగాలి? మీ తాతగారి కాలం నుంచీ 'ఏనుగు ఎంచింది' అనే చెబుతున్నారు. ఏనుగు రాయైతే మా అయ్య తల కావాలన్నారు. ఏనుగుకేం తెలుసండీ? అది ఆకులు తింటుంది. వీళ్ళేం చేశారో చూడండి!"

రాజు కిందికి వంగి ఒక తాయెత్తు తీసి చదివాడు. భూపాలశెట్టి. ఇంకొకటి తీశాడు. మరొకటి తీశాడు. నాలుగోది చదివి తలెత్తేసరికి వరుస సగం ఖాళీ అయింది. మణిధరుడి చెవులు ఎర్రబడ్డాయి. తరువాత తానే వెళ్ళి అప్పన్న గొలుసులు విప్పాడు.

"తప్పు నాది. ఎంచుకోవడానికి భయపడి ఏనుగు చాటున దాక్కున్నాను" అన్నాడు.

ఆ సాయంత్రమే రాజు ఏడుగురి పేర్లు చదివాడు. నగరం ఊహించిన పేరు ఒక్కటీ వాటిలో లేదు. ఎనిమిదో పేరు పైడిది.

"మావటి పిల్లా!" అని గొణిగారు జనం.

పైడి కదల్లేదు. "నేను తప్పుచేస్తే?"

"నియమించింది నేను. నన్నడగండి!" అని రాజు అందరికీ వినబడేలా అరిచి చెప్పాడు.

అప్పుడు పైడి వెళ్ళి పీఠం మీద కూర్చుంది. జనంలోంచి మొదట ముందుకొచ్చినవాడు అప్పన్న. మణికట్టు మీద గొలుసు గుర్తులు ఇంకా మానలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మంత్రిగారూ! ఏనుగుసాల కప్పు మూడేళ్ళుగా కారతంది. అడిగితే ఒక్కడూ పలకలేదు. ఇప్పుడు ఎవర్నడగాలి?"

"నన్నే, అయ్యా" అంది పైడి. "రేపు పొద్దున్నే తాటాకు తెప్పిస్తాను. కప్పెక్కేది నువ్వూ నేనూ."