నడిమి సొరుగు మీద పాల రంగు

పొద్దున్నే కోడలు వరండాలో కూర్చుని రంగు కలుపుతోంది. మామూలు రంగు కాదు. పాల విరుగుడు ఎండబెట్టి దంచిన పొడి, కాస్త సున్నం, కాస్త నీలి రంగుమన్ను. అందులో సమానంగా నీళ్లు పోసి, ఉండలు లేకుండా గిలక్కొట్టి, పల్చటి గుడ్డలో వడగట్టింది. కావలసినంతే కలుపుకోవాలి, రేపటికి దాచిపెడదామంటే కుదరదు.

"ఏం, దాస్తే ఏమవుతుందే?" అంది అత్తయ్య.

"విరిగిపోతుంది అత్తయ్యా. పాలే కదా."

"రంగు విరిగిపోవడమేమిటి, విడ్డూరం కాకపోతే!" అని ముక్కున వేలేసుకుందావిడ.

"ముందు మీ నడిమి సొరుగు ఖాళీ చేద్దురూ. మిగతా బల్లంతా నిన్ననే అయిపోయింది. మామయ్య చూసేది ఇవాళే."

మూడు రోజుల నుంచి అడిగించుకుని, అత్తయ్య ఇప్పుడు కదిలింది. ఆ సొరుగులో గుండీలు, దారపుండలు, పాత ఫొటోలు, కాలం చెల్లిన మందులు, ఏ తాళానివో తెలియని తాళంచెవులు. ఒక్కోటీ తీసి, చూసి, కథ చెప్పి మరీ పక్కన పెట్టింది. అలా గంట గడిచింది. కోడలు లోలోపలే పళ్లు నూరుకుంది గానీ పైకి నవ్వుతూనే ఉంది. సొరుగు చేతికి రాగానే గబగబా పాత వార్నిష్ పోయేలా గరుకు కాగితంతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, రంగు వేసి ఎండలో పెట్టింది.

ఆ తొందరకు కారణముంది. మామయ్య యాభై ఏళ్లు వడ్రంగం చేసిన షెడ్డు ఇంటి వెనకే ఉంది. చేతులు వణుకుతున్నాయని ఆర్నెల్లుగా మూసేశాడు. అద్దెకిచ్చేద్దామంటాడు కొడుకు. పాత సామాన్లు బాగుచేయడం నేర్చుకున్నాను, నాకివ్వండి అంటుంది కోడలు. చివరికి మామయ్యే తేల్చాడు.

"మా గదిలో సొరుగుల బల్ల కొత్తదానిలా చేసి చూపించు. వంక పెట్టడానికి లేకపోతే షెడ్డు నీది. ఉంటే అద్దెకే. సరేనా?"

ఆయన్ని అందరూ ఒక్కగీటు మేస్త్రి అంటారు. చెక్క మీద పెన్సిలు గీటు ఒక్కసారే గీస్తాడట, రెండోసారి కొలిచే పనే ఉండదట. అలాంటి మనిషిని మెప్పించడమంటే మాటలా!

పదకొండింటికి సొరుగు ఆరింది. కోడలు దాన్ని బల్లలోకి తోసి అందరినీ పిలిచింది. మామయ్య కళ్లజోడు పెట్టుకుని చుట్టూ తిరిగాడు. మూలల్లో వేలు పెట్టి చూశాడు. ఎక్కడా రంగు కారిన చార లేదు, కుంచె గీత లేదు. నీలం మెత్తగా, పొడిగా, కింద చెక్క గీతలు లీలగా కనబడేలా ఉంది. మూడు సొరుగులూ ఒక్క వేలితో జారుతున్నాయి.

"చెక్కకి ఊపిరాడుతున్నట్టుంది," అన్నాడాయన. ఆ నోట అంత మాట రావడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. కోడలి కళ్లు మెరిశాయి.

అప్పుడే చిటుక్కుమంది. నడిమి సొరుగు మీద రంగు పెచ్చుగా లేచి కింద రాలింది. కాసేపటికి ఇంకోటి.

"అదిగో!" అన్నాడు కొడుకు. "ఆరీ ఆరకముందే ఊడిపోతోంది. ఇంకేముంది?"

కోడలు గబుక్కున వంగి చూసింది. పిడికి కాస్త పైన గుండ్రటి మచ్చలు రెండు, ఒకే సైజులో, ఒకే వరసలో. గోటితో గీరితే మైనం వచ్చింది, రంపపు పొట్టు కలిపి కూరిన మైనం. దాని కింద బర్మాతో వేసిన రంధ్రం. పిడి కోసం ముందు తప్పుగా వేసి, పూడ్చి, కిందకి మళ్లీ వేసిన రంధ్రాలవి. తల ఎత్తింది. మామయ్య కిటికీ వైపు చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఒక్క మాట చాలు, షెడ్డు తనది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. మింగేసింది.

"తప్పు నాదే," అంది మెల్లగా. "రంగేసే ముందు నీటిచుక్క వేసి చూడాలి. చుక్క పూసలా నిలబడితే అడుగున మైనమో నూనో ఉన్నట్టు, అక్కడ ఈ రంగు పట్టదు. అన్నిచోట్లా చూశాను, తొందరలో ఈ ఒక్క సొరుగూ చూడలేదు."

"అయితే అద్దెకు అడిగిన వాళ్లకి ఫోన్ చేస్తాను నాన్నా," అని కొడుకు జేబులో చెయ్యి పెట్టాడు. కోడలు భుజానికి కళ్లు ఒత్తుకుంది.

"ఆగరా!" అన్నాడు మామయ్య. "దాని తప్పు చుక్కంతే. తక్కినదంతా నాది. ఆ రంధ్రాలు నేను తప్పుగా వేశాను. నాకు ఇరవై రెండేళ్లప్పుడు, పెళ్లికి ముందు, మీ అమ్మ కోసం చేసిన బల్ల ఇది. ఇంకో చెక్క కొనే స్తోమత లేక మైనం కూరాను. పైన వార్నిష్ వేస్తే ఎవరికి కనబడుతుందిలే అనుకున్నా. ఈ పాల రంగు నా గుట్టు బయటపెడుతుందని నాకేం తెలుసు!"

కొడుకు జేబులోంచి చెయ్యి తీసేశాడు. మామయ్య తన పెళ్లాం వైపు చూడలేకపోయాడు.

"నాకు తెలీకపోతేగా!" అంది అత్తయ్య తాపీగా. "పెళ్లయిన మొదటి వేసవిలోనే ఎండకి మెత్తబడి నా వేళ్లకి అంటుకుంది. ఈయన చూస్తే బెంగపెట్టుకుంటాడని, ఏటా ఎండల్లో ఆ సొరుగు ముందు ఓ గుడ్డ వేలాడదీసేదాన్ని."

"నలభై ఎనిమిదేళ్లు... ఒక్కసారీ అనలేదేమే?"

"అంటే ఏమొస్తుంది, మీ మొహం చిన్నబోవడం తప్ప? ఇప్పుడు ఈ పిల్ల ఎందుకు అనలేదో నేనూ అందుకే అనలేదు."

మామయ్య చప్పున కోడలి వైపు తిరిగాడు. ఆమె గోటిలో మైనం ఇంకా అలాగే ఉంది. అది చూసి ఆయన కళ్లు నిండిపోయాయి. వణుకుతున్న చేత్తో కోడలి తల నిమిరాడు.

"చూశావు. చూసీ నీ మీద వేసుకున్నావు."

కోడలు వెక్కింది.

"ఏడవకమ్మా. ఆ మైనం తవ్వేసి, ఇదే జాతి చెక్కతో బిళ్లలు చేసి దిగ్గొట్టు. నాకు చేతకానప్పుడు నేను చేసిన పని అది, చేతనైనదానివి నువ్వు సరిచెయ్యాలి. ఈ వరండాలో కాదు, అక్కడ చెక్క బిగించి చేసుకునే మంచి బల్ల ఉంది. పద, నీ షెడ్డులోకే పోదాం."