అద్దెకున్న బావ

ఆ అమ్మాయి ఏడాది బిల్లులన్నీ మిషను మీద కుట్టి తెచ్చింది.

ఒకదాని చివర ఇంకొకటి ఆనించి, ఎర్ర దారంతో. విప్పితే అది బల్ల దాటి, కుర్చీ దాటి, తలుపు దాకా పోయింది. పన్ను రిటర్నులు రాసే ఆ ఆఫీసులో గుమాస్తాగా చేరి రెండేళ్ళయినా అతను అలాంటిది చూడలేదు.

"ఇదేంటండీ?" అన్నాడు.

"పిన్నులు ఊడిపోతాయని కుట్టేశాను. దర్జీదాన్ని, నాకొచ్చింది అదే కదా."

కుట్టు అంకెల మీదుగా పోయిందని అతను కసిరాడు. కనపడకపోతే కళ్ళజోడు మార్చుకోమంది ఆమె. అంతలో వాన పట్టుకుంది. గొడుగు తెచ్చుకోలేదు కాబట్టి ఆమె అక్కడే కూర్చుంది. వాన వెలిసేసరికి అతని కోపమూ వెలిసిపోయింది. ఆమె తనకు 'పన్ను డాక్టరు' అని పేరు పెడితే నవ్వేశాడు.

ఇల్లు ఆమె తల్లిది. కింద తల్లీ కూతురూ ఉంటారు. పైవాటా అద్దెకిచ్చారు. దానికి పెట్టిన ఖర్చుల్లో ఏవి రిటర్నులో చూపించుకోవచ్చో తేల్చడం అతని పని. పగిలిన కిటికీ అద్దం మారిస్తే అది రిపేరు, ఈ ఏడాదే చూపించొచ్చు. లేని చోట కొత్త కిటికీ పెట్టిస్తే అది రిపేరు కాదు, ఏళ్ళ మీద కొంచెం కొంచెంగా చూపించాలి. చిరిగిన చొక్కాకి మాసిక వేయడానికీ, కొత్త జేబు కుట్టడానికీ ఉన్న తేడా లాంటిదా అని ఆమె అడిగింది. సరిగ్గా అదే. రెండేళ్ళుగా అందరికీ చెబుతున్న విషయం అతనికి ఆ రోజే పూర్తిగా అర్థమైంది.

ఆ తర్వాత అవసరం ఉన్నా లేకపోయినా, ఏదో ఒక బిల్లు గురించి అడగాలని ఆమెను పిలిపించేవాడు. ఆమె కూడా వచ్చేది.

చిక్కు కుళాయి బిల్లు దగ్గర వచ్చింది. ఎవరు కొన్నారంటే, అమ్మ డబ్బులిస్తే బావ కొన్నాడంది. తాళం? బావే. గోడలకు లేత ఆకుపచ్చ రంగు? అదీ బావే, ఆమెను అడిగి మరీ వేయించాడట. చెప్పేటప్పుడు చిన్నగా నవ్వింది కూడా. పైవాటాలో ఎవరుంటారని అడిగితే దానికీ అదే జవాబు. వీధిలో అలాంటి వాటాలకు వచ్చే అద్దెలో సగమే తీసుకుంటున్నారు.

"సొంత బావ దగ్గర పూర్తి అద్దె ఎలా తీసుకుంటామండీ?" అంది.

అతని ఇంట్లో బావ అంటే ఒకటే అర్థం. వాళ్ళక్క చిన్నప్పటినుంచి మేనమామ కొడుకుని బావా బావా అని పిలిచి, చివరికి ఆ బావనే చేసుకుంది.

సాయంత్రం మళ్ళీ చినుకులు. కిటికీలోంచి చూశాడు. పొడుగ్గా ఉన్న ఒకతను స్కూటరు ఆపి, ఆమె తలమీద గొడుగు పట్టాడు. తన భుజం తడిసిపోతున్నా గొడుగు ఆమె వైపే వంచాడు. ఇంటికెళ్ళాక గుమాస్తా తలుపుకి ఆనుకుని పెన్సిలుతో తన ఎత్తు గీసుకున్నాడు. ఆ గొడుగు మనిషికన్నా రెండంగుళాలైనా తక్కువే. కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. ఒంట్లో బాగాలేదా అని వాళ్ళమ్మ అడిగితే, ఆకుపచ్చ రంగు చూస్తేనే తినబుద్ధి కావడం లేదన్నాడు. కంచంలో ఆకుకూర ఉంది. ఆవిడ నొచ్చుకుంది.

మర్నాడు రంగు బిల్లు కొట్టేసి, పక్కన 'సొంత వాడకం' అని రాశాడు. పెళ్ళికి ముస్తాబు చేసుకుంటున్న ఇల్లు సొంతం కాక మరేమిటి?

ఆఫీసు యజమాని ఆ కాగితం చూసి కళ్ళజోడు తీశారు. సొంత వాడకమని ఎవరు చెప్పారు, నువ్వు చూశావా అని అడిగారు. చూడలేదని ఒప్పుకున్నాడు.

"చుట్టానికి తక్కువకి ఇచ్చినా, వచ్చిన అద్దె దాకా ఖర్చు చూపించుకోవచ్చు. ఆవిడకి చెల్లేది ఎందుకు కొట్టేశావురా? రేపే ఆఖరి రోజు. వెళ్ళి చూసిరా."

ఆమె ఇంటికి వెళ్ళి, మెట్లెక్కి పైవాటా తలుపు తట్టాడు. గొడుగు మనిషే తీశాడు. భుజం మీద పసిపాప నిద్రపోతోంది. లోపలినుంచి ఒకావిడ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "చెల్లి కోసమా? కింద కుడుతోందండీ" అంది.

అతను గోడలు చూడకుండానే దిగిపోయాడు.

ముందు గదిలో ఆమె మిషను తొక్కుతోంది. రంగు బిల్లు కొట్టేశానని చెప్పాడు. అది చెల్లదా అని అడిగింది.

"చెల్లుతుంది. కోపంతో కొట్టేశాను. మీ బావ మీద."

మిషను ఆగింది. "మా బావ ఏం చేశాడు మిమ్మల్ని?"

"మీకు గొడుగు పట్టాడు."

ఆమె ఎక్కించే ఉన్న దారాన్ని సూదిలోంచి తీసి మళ్ళీ ఎక్కించబోయింది. ఎక్కలేదు.

"బావంటే అక్క మొగుడని తెలీదా మీకు?"

"మా ఇంట్లో ఇంకోలా జరిగిందండీ."

లోపలి గుమ్మంలో వాళ్ళమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. కాగితాల్లో అన్నీ అడిగి సరిగ్గా రాయించుకోమని కూతురికి చెప్పి, కాఫీ పెట్టడానికి వెళ్ళింది. అద్దెకున్నవారు ఇంటి యజమానికి ఏమవుతారు అన్న చోట అతను 'అల్లుడు' అని రాశాడు.

"అమ్మకి రెండో అల్లుడు వచ్చాడనుకోండి," అంది ఆమె, గుడ్డ మీంచి తలెత్తకుండా. "అప్పుడు మా బావ ఆయనకి ఏమవుతాడు?"

జవాబు తెలుసు. సర్దిన కాగితాలనే మళ్ళీ సర్దాడు.

"తోడల్లుడు," అన్నాడు చివరికి.

పైనుంచి బావ వంగి, గోడలు చూడకుండానే వెళ్ళారేంటి, ఇంకేమైనా చూడాలా అని కేకేశాడు.

"అక్కర్లేదు అన్నయ్యా," అన్నాడు అతను.

లోపల కాఫీ గిన్నె దగ్గర వాళ్ళమ్మ నవ్విన చప్పుడు ఇద్దరికీ వినపడింది.