నడిమి సమాధి

"ఇంకా తొమ్మిది నిమిషాలే," అంది ఫొటోగ్రాఫర్, కెమెరా కంటి దగ్గర్నుంచి దించకుండానే. "బాంబు రాజుగారి సమాధికి పెట్టమన్నారు. పాదాల వైపు, పూల చెక్కడంలో పొదిగిన ఎర్రరాళ్ళలో ఒకటి నకిలీది. దాని వెనకాల ఉంది."

ఇటు మనకీ అటు శత్రుముఠాకీ పనిచేసే ఆ అందగత్తె, నవ్వుతూ గుంపులో కలిసిపోయింది.

ఏజెంట్ పదిహేడుకి ఒళ్ళు మండింది. మూడు వారాలుగా మెడలో గైడు బిళ్ళ తగిలించుకుని, మొగలుల కాలపు ఈ పాలరాతి కట్టడం చరిత్రంతా బట్టీపట్టి, టూరిస్టుల ముందు గొంతు అరిగేలా వల్లించాడు. చెప్పే ముక్కేదో నిన్న చెప్పి ఏడవచ్చుగా! బయట రెండు దేశాల మంత్రులు మెట్లెక్కుతున్నారు. వాళ్ళ వెంట పూలగుత్తులు పట్టుకుని నలభైమంది స్కూలు పిల్లలు.

చెవిలోని ఇయర్‌పీస్ గరగరలాడింది. చీఫ్.

"రాజు సమాధి నడిమిది. పద!"

"కాదు సార్. నడిమిది రాణిగారిది. ఈ గుమ్మటం కట్టిందే ఆవిడ కోసం. రాజు తర్వాత పోతే పక్కన ఇరికించారు. పైన కలాలపెట్టె చెక్కి ఉంటే మగవాళ్ళది, పలక ఉంటే ఆడవాళ్ళది."

"పాఠాలు చెప్పకయ్యా! నడిమిది చూడు!"

"చదివింది నేను సార్!"

జాలీ తెర దాటి, పక్క సమాధి దగ్గర మోకాళ్ళ మీద కూలబడి పెన్‌టార్చి వేశాడు. అసలు ఎర్రరాయి అయితే వెలుతురు పడగానే నిప్పులా వెలుగుతుంది. నకిలీది వెలగదు. పువ్వు పువ్వూ వెతికాడు. అన్నీ వెలిగాయి. మళ్ళీ మొదట్నుంచీ వెతికాడు. అన్నీ వెలిగి చచ్చాయి!

"ఏమైంది?" అన్నాడు చీఫ్. "రెండు నిమిషాలే ఉంది!"

పదిహేడు తల పట్టుకున్నాడు. ఫొటోగ్రాఫర్ అబద్ధం చెప్పలేదు. బాంబు పెట్టిన ముఠావాడికి అందిన ఆర్డరూ అదే. కానీ ఆ వెధవ మూడు వారాలు చరిత్ర చదివాడా? కలాలపెట్టె సంగతి వాడికేం తెలుసు? నట్టనడుమ ఉన్నది రాజే అనుకుని ఉంటాడు, అచ్చం చీఫ్‌లాగే!

ఒక్క గెంతులో రాణి పాదాల దగ్గర పడ్డాడు. మూడో పువ్వులో ఒక రేకు వెలగలేదు. పెన్ను మూతలోని బ్లేడుతో దాన్ని పెకలించి, వెనకున్న తీగ తెంచాడు. టైమర్ నాలుగు సెకన్ల దగ్గర ఆగింది. పిల్లలు లోపలికి వచ్చేశారు.

"దొరికిందా? ఎక్కడ?"

పదిహేడు పళ్ళు నూరాడు. "నడిమి దాంట్లో సార్."

"చెప్పానా, రాజుది అదేనని! వింటేగా నువ్వు!"

పదిహేడు మూడు వారాల చదువునీ ఒక్క గుటకలో మింగేశాడు.

"తమరు చెప్పాక తిరుగేముంది సార్."