అవతలి కొస

జాబిలి గనుల్లోంచి ముప్పైమంది పిల్లలు ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. లేస్తూనే అరచేతులు దులుపుకున్నారు. అక్కడి బూడిద ఇంకా అంటుకునే ఉన్నట్టుంది వాళ్లకి. ఆ కల తెచ్చిన తండ్రి చందమామ తన సొంత ఆస్తి అయినట్టు మీసం దువ్వుకుంటూ వెళ్లి కూర్చున్నాడు.

వెనక బెంచీలో నాంచారమ్మ కొంగుకి ముడి వేస్తూ, విప్పుతూ ఉంది. తరువాతి వంతు ఆమెదే.

పెడనలో ఒకప్పుడు అమ్మానాన్నలు బడికి వచ్చి తమ పని గురించి పిల్లలకు చెప్పేవారు. ఇప్పుడు చెప్పడం పోయి కలగనడం వచ్చింది. పనిచేసే చేతులకు వారంపాటు పలచని తొడుగు వేస్తారు. ఆ చేతుల అలవాటంతా అందులోకి దిగుతుంది. దాన్నే పనికల అంటారు. పిల్లలు చాపల మీద పడుకుని నుదుట కలపట్టీ కట్టుకుంటే చాలు, పావుగంటసేపు ఆ పని వాళ్లదే. అది మనసు జోలికి పోదని, ఇంటి గుట్లేమీ బయటపడవని జుబేదా టీచర్ అందరికీ పదేపదే చెప్పింది.

"నువ్వు రావద్దులేమ్మా," అంది పొద్దున హిమజ. "కాలవలో గుడ్డలు జాడించడం కూడా ఒక కలేనా?"

అసలు సంగతి అది కాదు. హిమజ తండ్రి పోయి రెండేళ్లయింది. ఆయన మాటెత్తితే నాంచారమ్మ పెరట్లోకి తప్పుకునేది. తాను ఏడిస్తే పిల్ల బెంగపడుతుందని ఆమె భయం. "నీకేం, మర్చిపోయావుగా!" అని మొన్న కూతురు మొహం మీదే అనేసింది. ఆ మాటకి నాంచారమ్మ ప్రాణం ఉసూరుమంది.

నాంచారమ్మ వంతు రాగానే పిల్లలు కళ్లు మూశారు. గదిలోకి కాలవ గాలి వచ్చినట్టయింది. ముప్పై జతల చేతులు మెల్లగా పైకి లేచాయి. అద్దకపు గుడ్డను నీళ్ల మీద పరిచాయి, జాడించాయి. మిగులు రంగు ఎర్రగా కరిగిపోతుంటే పిల్లలు నిద్రలోనే నవ్వారు. చూస్తున్న నాంచారమ్మకి ముచ్చటేసింది.

అంతలో ఆ చేతులన్నీ ఒక్కసారే ఆగాయి. రెండుసార్లు మెల్లగా లాగాయి. కదలకుండా ఎదురుచూశాయి.

నాంచారమ్మ బెంచీ మీంచి లేచి నిలబడింది. తడిగుడ్డ పిండాలంటే ఇద్దరు చెరో కొస పట్టుకోవాలి. తాను రెండుసార్లు లాగితే, కానీయ్ అన్నట్టు అవతల్నించి భర్త వీరాస్వామి ఒకసారి లాగేవాడు. ఆయన పోయాక ఆ కొసను ఇనుప మర పట్టుకుంటోంది. మరకి కబురక్కర్లేదు. అయినా తన చేతులు రెండేళ్లుగా అడుగుతూనే ఉన్నాయని ఇన్నాళ్లూ ఆమెకే తెలియదు.

పిల్లలు లేచారు. "ఆంటీ, అవతల ఎవరున్నారు?" అంది ముందువరస పిల్ల, కళ్లు తుడుచుకుంటూ. "ఎంతసేపు చూసినా లాగలేదేం?"

"ఇందులో పని తప్ప ఇంకేం లేదే!" అని టీచర్ కంగారుగా తొడుగు తిరగేసి చూసింది.

హిమజ చాప మీంచి లేచి తల్లి దగ్గరికి వచ్చింది. చిన్నప్పట్నించీ గట్టు మీద కూర్చుని ఆ ఇద్దరి పనీ చూసిన పిల్ల. ఆ పిల్లకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

"రోజూ ఇట్టాగే ఆగుతావా అమ్మా?"

"మీ నాన్న..." అంది నాంచారమ్మ. రెండేళ్లకి ఆ మాట నోట వచ్చింది. అందరి ముందూ ఏడ్చేసింది.

హిమజ తల్లి కొంగు కొస అందుకుని ఒక్కసారి లాగింది.